పండిందనుకున్నాం

అది 2014, మే నెల. గరివిడిలో ఎండ దంచేస్తోంది. ఫ్యాక్టరీ పొగ, వడగాలి కలిసి గొంతులో గరగరలాడే రోజులు. పెళ్లిళ్ల నెల కాబట్టి నాకు ఊపిరాడని పని. నా పేరు నర్సమ్మ, గోరింటాకు పెట్టేదాన్ని. ఇప్పుడు అందరూ మెహందీ అంటున్నారు. ఏ పేరు పెట్టినా ఆకు ఒకటే. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు ముందు చెబుతాను. ఎండిన ఆకుపొడిని పల్చటి గుడ్డలో జల్లించి, టీ డికాషన్, నిమ్మరసం, కాస్త పంచదార, నీలగిరి తైలం కలిపి నానబెడతాం. ప్లాస్టిక్ కాగితాన్ని పొట్లంలా చుట్టి, అందులో ఆ ముద్ద నింపితే అదే కోన్. చివర సూదిబెజ్జం పెట్టి నొక్కుతూ డిజైన్ వేస్తాం. ఆరిన ముద్ద రాల్చేస్తే చర్మం మీద మిగిలే రంగును స్టెయిన్ అంటారు. రాల్చగానే అది నారింజ రంగులో ఉంటుంది. మర్నాటికి ఎర్రబడుతుంది, ఆ మర్నాటికి ముదురుతుంది. దాన్నే మేం పండటం అంటాం. ఆకు ఎంత మంచిదైనా ఎరుపే పండుతుంది. నల్లగా పండే ఆకు దేవుడు పుట్టించలేదు.

మా ఆయన లారీ కింద పడి పోయాక ఈ పనిలోకి వచ్చాను. మొగుడు పోయినదాని చేత పెళ్లికూతురికి గోరింటాకు పెట్టించుకుంటారా అని మీకు అనుమానం రావచ్చు. పెట్టించుకోరు. హిందువుల ఇళ్లకు వెళితే నేను పెరట్లో కూర్చుని కోన్లు చుట్టి ఇచ్చేదాన్ని. లోపల పెళ్లికూతురి చెయ్యి పట్టుకునేది మా చెల్లెలి కూతురు. డిజైన్ తప్పితే కిటికీలోంచి చెప్పేదాన్ని, గుమ్మం దాటేదాన్ని కాదు. చర్చికి వెళ్లేవాళ్ల ఇళ్లలో మాత్రం నన్ను ముందుగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. అందుకే వాళ్ల ఇళ్లంటే నాకు ప్రాణం.

ఎస్తేరమ్మ ఇల్లు అలాంటిదే. భర్త ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఒక్కతే కూతురు, పేరు రూతు. డిగ్రీ చదివింది. పెళ్లికొడుకుది కొత్తవలస. నేను వెళ్లేసరికి ఎస్తేరమ్మ మంచినీళ్లు చేతికిచ్చి, పక్కింటివాళ్లకు వినబడేలా అంది:

"కూకో నర్సమ్మా. మా ఇంట్లో ఆ పట్టింపుల్నేవు. దేవుడి ముందు అందరం ఒకటే."

ఆ మాటకు నా కళ్లు చెమ్మగిల్లాయి. రూతు నవ్వుతూ చేతులు చాపింది.

"అత్తా, నల్లగా పండుతాదా? మా ఫ్రెండ్స్‌వన్నీ కారు నలుపు. ఫొటోల్లో భలే కనబడతాది."

"నలుపు కావాలంటే కాటుకెట్టుకో, నా కాడ ఎరుపే" అన్నాను.

"మరి మా ఆయన నా మీద పేనంగా ఉంటాడా?"

"ఎర్రగా పండితే ఉంటాడు. నల్లగా పండితే భయపడి పారిపోతాడు."

పడిపడి నవ్వింది. అరచేతుల నిండా లతలు, వెనకవైపు మణికట్టు వరకు ఒక పెద్ద తీగ వేశాను. మణికట్టు దాటి పైకి వేస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కుని, "ఒద్దత్తా, ఇక్కడికి సాలు" అంది. సిగ్గనుకున్నాను. ఇంట్లో ఆడవాళ్లు పెట్టుకుంటారని మిగిలిన కోన్ ఒకటి ఎస్తేరమ్మ చేతిలో పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఫోన్ మోగింది. ఎస్తేరమ్మ గొంతు ఆనందంతో ఊగిపోతోంది.

"నర్సమ్మా! ఓలమ్మా, ఏటి పండినాదనుకున్నావు! నల్లగా నిగనిగలాడిపోతన్నాది. నీ సేతి సలవే!"

"నల్లగానా?"

"కారు నలుపు! ఈది ఈదంతా వొచ్చి సూసెల్తన్నారు."

ఫోన్ పెట్టేశాక ఆలోచనలో పడ్డాను. ఉదయం పెట్టిన ఆకు సాయంత్రానికి నల్లబడటం నేనెన్నడూ చూడలేదు. సంబరంలో ఎరుపే నలుపులా కనబడి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ పై రోజు పొద్దున్నే వచ్చింది. ఈసారి అటు పక్క ఏడుపులు, పెద్దగా ప్రార్థన.

"బేగి రా" అంది ఎస్తేరమ్మ. అంతే, పెట్టేసింది.

ఆ ఇంటికి వెళ్లి నేను చూసింది ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. రూతు చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరినీ తాకనివ్వకుండా ఉంది. వేళ్లు అరటిపళ్లలా ఉబ్బిపోయాయి. నేను వేసిన తీగ ఎక్కడెక్కడ పాకిందో అక్కడక్కడే బొబ్బలు లేచాయి. ప్రతి ఆకు ఒక నీటి బుడగ. ప్రతి పువ్వు ఒక నీటి బుడగ. కొన్ని పగిలి పసుపురంగు రసి కారుతోంది. ఆ చేతులతో ముఖం రుద్దుకుందేమో, కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి. ఒంటికి వేసిన బొమ్మ ప్రాణం పోసుకుని ఒంట్లోంచి లేచివస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది. నా డిజైన్‌ను నేనే గుర్తుపట్టాను.

"మంట అత్తా. నిన్నటి నుండి మంట" అంది రూతు.

నిన్న దురద మొదలైందట. అరచేతులు వెచ్చబడ్డాయట. ఎస్తేరమ్మ సంతోషపడింది. "దురదొస్తన్నాదంటే ఇంకా పండతన్నాదన్నమాట" అని కూతుర్ని గోకనివ్వకుండా, పెనం మీద లవంగాలు వేయించి ఆ పొగ మీద చేతులు పట్టించింది. రంగు ముదరడానికి మా ఊళ్లలో అందరం చేసేదే అది. దురద పెరిగినకొద్దీ పొగ పట్టించింది. పండుతోంది, పండుతోంది అనుకుంటూనే రోజంతా గడిపారు.

నేను ఆ చేతుల దగ్గరకు వంగబోయాను. అప్పుడు ఎస్తేరమ్మ నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"ముట్టుకోకు. నీ సెయ్యి తగిలే ఇలగయినాది."

"ఏటంటన్నావు ఎస్తేరమ్మా?"

"మొగుణ్ణి మింగిన సెయ్యి. మా గుంట సేతిలో ఎట్టించినాను సూడు, నన్ను నాను సెప్పుతో కొట్టుకోవాల."

బొబ్బల్ని చూసినప్పుడు కలిగిన దిగ్భ్రాంతి ఒకటి. ఈ మాట విన్నప్పుడు కలిగింది ఇంకొకటి. పెరట్లో కూర్చోబెట్టేవాళ్లు ఎప్పుడూ నన్ను ఇలా అనలేదు. వాళ్లకు అనాల్సిన అవసరమే లేదు, నేను గుమ్మం అవతలే ఉంటాను కాబట్టి. కుర్చీ వేసిన ఇంట్లో ఈ మాట పడింది. వెళ్లిపోదామని చెప్పులు వేసుకున్నాను కూడా.

అంతలో మూల నుంచి పెద్ద కేక. చర్చి సంఘంలో పెద్దావిడ దీవెనమ్మ, ప్రార్థన చేయడానికి వచ్చింది. రూతు ఎడమ చేతి జబ్బ కిందకు, ముంజేతి లోపలివైపు వేలు చూపిస్తోంది.

"సూడండి! సిలువ! దేవుడు ముద్రేసినాడు!"

అందరం వంగి చూశాం. నిజంగానే ఉంది. మణికట్టుకు బాగా పైన, నా కోన్ తగలని చోట, ఎర్రగా ఉబ్బి, అంచులన్నీ తీర్చినట్టుగా ఒక చిన్న శిలువ. నిన్న అక్కడ ఏమీ లేదని ఎస్తేరమ్మ ప్రమాణం చేసింది. నాకు భయం వేసింది. నాది కాని దేవుడైనా సరే, ఆ క్షణంలో దండం పెట్టబోయాను. ఆడవాళ్లందరూ మోకాళ్ల మీద పడిపోయారు. ఒకావిడ ఇది ఆశీర్వాదమంది. ఇంకొకావిడ, అలంకారాలు చేసుకున్నందుకు వచ్చిన శిక్ష అంది. ఆసుపత్రి అన్నవాళ్లు ఎవరూ లేరు.

రూతు మాత్రం ఆ చేతిని కొంగు కింద దాచుకోవాలని చూస్తోంది. నొప్పికి కాదు. ఏదో దొరికిపోయినట్టు.

అప్పుడు పాస్టరు అయ్యగారు వచ్చారు. పెళ్లి ఏర్పాట్లు మాట్లాడటానికి వచ్చినాయన గుమ్మంలోనే ఆగి, పిల్ల చేతులు చూశారు, కళ్లు చూశారు, శిలువ చూశారు.

"ఆటో పిలవండి" అన్నారు.

"అయ్యగారూ, పార్థన మద్దెలో ఉన్నాది" అంది దీవెనమ్మ.

"ఆటోలో సేద్దామమ్మా. దేవుడికి విజయనగరం రోడ్డు తెల్సు. ముందు పిల్లనెక్కించండి."

ఎవరు ఎక్కాలన్న తకరారు వచ్చింది. ఎస్తేరమ్మ ఎక్కింది. నేను నేల చూపులు చూస్తూ పక్కన నిలబడ్డాను. రూతు మూసుకుపోయిన కళ్లతోనే, "నర్సమ్మత్త రావాల. ఆవిడేటి కలిపినాదో డాక్టరడిగితే ఎవరు సెప్తారు?" అంది. అలా ఎక్కాను. దారి పొడవునా తల్లి ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో గాల్లో చేతులు పట్టుకుని పిల్ల. గతుకు వచ్చినప్పుడల్లా మూలిగేది. నా మనసులో ఒకటే: ఇది నా చేతి వల్లే అయితే, ఈ చేత్తో ఇక నేను ఏం తిని బతకాలి? ఈ పిల్ల చెయ్యి బాగుపడకపోతే?

విజయనగరంలో చర్మం డాక్టరమ్మ పెద్దగా మాట్లాడని మనిషి. చేతులు తిప్పి తిప్పి చూసింది. వెంటనే ఇంజెక్షన్ చేయించింది. ఊదారంగు మందు నీళ్లలో తడిపిన గాజుగుడ్డ చేతుల మీద వేయించింది. అప్పుడు అడిగింది:

"మెహందీ ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా" అన్నాను.

"ఏం కలిపారు?"

మొదట మీకు చెప్పినట్టే, ఆకు, టీ, నిమ్మ, పంచదార, తైలం అని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇది ఆకు చేసిన పని కాదమ్మా. నలుపు కనబడుతోంది. దీని మీద ఇంకేమైనా రాశారా?"

నేను ఎస్తేరమ్మ వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి ఆవిడకేసి చూసింది.

"ఆకేనండీ బాబూ" అంది ఎస్తేరమ్మ చివరికి. "రాల్సీగానే పచ్చగా, నారింజపండులాగున్నాది. పెళ్లికి ఈ రంగేటని నానే... పెళ్లికి జుట్టుకేసుకుందామని దీని నాన్న తెచ్చుకున్న రంగు పేకెట్టున్నాది. దాని మీదా ఆకు బొమ్మే ఉన్నాది కదండీ. రెండూ గోరింటాకే కదా అనీసి, దీనికి సెప్పకుండా మిగిలిన కోన్లో కలిపి, అగ్గిపుల్లతో నర్సమ్మ గీతల మీదే మళ్లీ ఎట్టినాను."

కోపం వచ్చిందా అంటే, వచ్చింది. కానీ ఆ పొట్లాన్ని కళ్ల ముందు ఊహించుకున్నాను. ఆకుపచ్చ ఆకు, మెరిసే నల్లజుట్టు. ఎస్తేరమ్మకూ నాకూ చదువు ఒకటే. అక్షరం రాదు, బొమ్మ వస్తుంది. నా చేతిలో పెట్టినా ఆకేననుకునేదాన్ని.

డాక్టరమ్మ అంతటితో వదల్లేదు. రూతు ముంజేయి ఎత్తి ఆ శిలువను చూపించింది.

"ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేదు కదా. మరి ఇది? ఇంతకు ముందు ఇక్కడ టాటూ వేయించుకున్నావా, నల్లది, కొన్నాళ్లకు పోయేది?"

ఈసారి తల దించుకోవడం కూతురి వంతు.

"రెండేళ్ల కిందట కళింగపట్నం బీచికెళ్లినప్పుడండి. చర్చి పిల్లలందరం ఎల్లినాం. ఒకతను నల్ల మెహందీ అని వేస్తన్నాడు. నాను సిలువ వేయించుకున్నాను. వారంలో పోనాది. అప్పుడూ కొంచెం దురదొచ్చినాది, అందుకే అత్తని అక్కడ ఎట్టనియ్యనేదు. ఒంటి మీద పచ్చబొట్లు కూడదని మా యమ్మ సంపేస్తాదని సెప్పనేదు."

"ఒక్కింట్లోనే ఉంటన్నాం గదే, నాకెక్కడా అగుపడనేదు!" అంది ఎస్తేరమ్మ.

"వారమంతా పొడుగు సేతుల జాకెట్టేసుకున్నానే."

తల్లి రహస్యం, కూతురి రహస్యం ఒకే గదిలో, ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నన్ను మాత్రం ఇద్దరూ చూడలేదు.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. జుట్టుకు వేసే నల్లరంగులో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. బీచిల్లో, సంబరాల్లో గంటలో నల్లగా వచ్చే టాటూల్లో దాన్నే కలుపుతుంటారు. ఒంటి మీద రాసుకోవడానికి చేసినది కాదది. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి పెద్దగా ఏమీ కాదు. కానీ ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. అలా గుర్తుపెట్టుకున్న ఒంటికి మళ్లీ తగిలితే, పాత పగవాడు ఇంటికొచ్చినట్టు లేస్తుంది. ఒక్కోసారి పాత మచ్చ ఉన్నచోట కూడా పొంగుతుంది. దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారట, తాకితే వచ్చే చర్మరోగమని. దీవెనమ్మకు కనబడిన ముద్ర అదీ. బీచిలో ఎవడో వేసి వెళ్లిపోయిన గీతను పిల్ల ఒళ్లు రెండేళ్లు మరిచిపోలేదు. అది విన్నాక శిలువను చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది నాకు.

"ఈ అమ్మాయి జీవితంలో జుట్టుకు నల్లరంగు వేసుకోకూడదు. ఈసారి తగిలితే ఇంతకంటే ప్రమాదం" అంది డాక్టరమ్మ.

వాచిన కళ్లతో రూతు అంది: "అయితే మా ఆయన కంటే ముందు నానే ముసిలిదాన్నయిపోతానన్నమాట."

డాక్టరమ్మ నవ్వేసింది. నేను నవ్వబోయి ఏడ్చేశాను.

పెళ్లి వాయిదా పడింది. కొత్తవలస నుంచి పెళ్లికొడుకు తల్లి వచ్చి, గాజుగుడ్డలు విప్పించి చూసింది. వెళ్లిపోతుందనే అందరం అనుకున్నాం. ఆవిడ చూసి, "మరి ఉంగరం ఏ ఏలికెడతాం?" అని మాత్రం అడిగి, మంచంమీద కూర్చుని టీ తాగింది. అప్పుడు ఎస్తేరమ్మ ఊపిరి వదలడం నాకు గుమ్మంలోకి వినబడింది.

నన్నన్న మాట గురించి ఎస్తేరమ్మ ఏమీ అనలేదు. క్షమాపణ చెబుతుందని నేనూ చూడలేదు. ఈలోపు గరివిడిలో పుకారు పాకింది, నర్సమ్మ చేతిలో విషం ఉందని. నన్ను పిలిచినవాళ్లు పిలవడం మానేశారు. మా చెల్లెలి కూతురిని కూడా వద్దన్నారు.

పెళ్లి రోజు పొద్దున పాస్టరు అయ్యగారి మనిషి వచ్చి చర్చికి రమ్మన్నాడు. పక్కగదిలో రూతు తెల్లచీర కట్టుకుని కూర్చుంది. బొబ్బలు ఎండి, చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. పెళ్లికూతుళ్లు వేసుకునే తెల్ల గ్లౌజులు ఒడిలో ఉన్నాయి. చుట్టూ నలుగురు ఆడవాళ్లు, ఎవరు తొడగబోయినా పిల్ల కెవ్వుమంటోంది.

ఎస్తేరమ్మ నన్ను చూసింది. అందరి ముందూ, చర్చిలో, ఆ గ్లౌజులు తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తొడుగు. నీ సెయ్యి మెత్తగుంటాది."

గ్లౌజు కుట్లు కొంచెం విప్పాను. లోపల మెత్తటి గుడ్డ పరిచాను. ఒక్కో వేలూ ఊపిరి బిగబట్టి ఎక్కించాను. పిల్ల ఒక్కసారి కూడా అరవలేదు. అయ్యగారు "కుడి చేతులు పట్టుకోండి" అన్నప్పుడు పెళ్లికొడుకు ఆ గ్లౌజును పిట్టను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పెళ్లికూతురి తండ్రి జుట్టుకు రంగు లేకుండా, ముగ్గుబుట్టలాంటి తలతో ఫొటోల్లో నిలబడ్డాడు.

ఆ తర్వాత ఏడాదిలో రూతు పుట్టింటికి వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చింది. చేతులు ముందుకు చాపింది. బొబ్బలు మానినచోట చర్మం తెల్లబడి, నేను వేసిన తీగ అలాగే ఉంది. ఆకులు, పువ్వులు, వేలి మీద తొందరలో వంకరపోయిన ఒక మెలికతో సహా.

"పోతాదేటి అత్తా?"

"పోతాదమ్మా" అన్నాను. పోతుందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు అడుగుతాను, ఎప్పుడైనా నల్ల టాటూ వేయించుకున్నారా అని. మిగిలిన కోన్ ఎవరికీ ఇవ్వను, నాతో తెచ్చేసుకుంటాను. దురద పుడితే పొగ పట్టకండి, కడిగేసి ఆసుపత్రికి వెళ్లండని చెప్పి మరీ లేస్తాను. పండుకూ పుండుకూ ఒక్క కొమ్మే తేడా అని ఇది రాస్తున్న టీచరమ్మ ఇప్పుడే చెప్పింది. ఆ కొమ్ము నాకు రాయడం రాదు. కానీ చూశాను.

ఆ పిల్ల చేతి మీది వంకర మెలిక ఇప్పటికీ నా కళ్లలో తిరుగుతుంది. గోరింటాకు పోవాలి. నాలుగు రోజులు ఎర్రగా ఉండి, గోళ్ల చివర్లలో మిగిలి, కడిగిన అంట్లతో, ఉతికిన బట్టలతో పోవాలి. పోకుండా ఉండిపోయిన గోరింటాకును నేను ఒక్కసారే చూశాను. అది నా చేతి పనే, కానీ ఆ రంగు నాది కాదు.